రెండోసారి పిలవని బండి

చక్రాలు ఊడదీసిన పాత గూడ్సు పెట్టెను పట్టాల పక్కన దించి, దానికో తలుపు బిగించి, అదే మా కమినుమా స్టేషనన్నారు. స్టేషను మాస్టరనే మనిషి ఉండేవాడని చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఆయన పోయాక మంచు తోసిందీ, అద్దాలు తుడిచిందీ, బెంచీల మీదికి దిండ్లు కుట్టిందీ మా ఊరి ఆడవాళ్లమే. మా అందరిలోకీ పెద్దదాన్ని నేను. పట్నానికి పొద్దునొకటి, మధ్యాహ్నమొకటి, రెండే బళ్లు. అదీ ఒంటి పెట్టె బండి.

నిజానికి ఆ బండి లేకపోతే గడవనిది ఒక్క హిసయోకే. మా పక్కింటిది, నాకన్నా మూడేళ్లు చిన్నది. యాభై రెండేళ్లుగా నా ముల్లంగి ఊరగాయ దాని ఇంట్లో, దాని గుమ్మడికాయ కూర నా ఇంట్లో. మూత్రపిండాలు చెడిపోయి సోమ, బుధ, శుక్రవారాలు పట్నం ఆసుపత్రిలో డయాలసిస్‌కి వెళ్లి వచ్చేది. "స్టేషను ఎత్తేస్తే నన్నూ ఎత్తేసినట్టే అక్కా. పట్నంలో ముసలాళ్ల హోములో పడేస్తారు" అనేది నవ్వుతూనే. నవ్వు పెదాల దాకానే ఉండేది.

ఆ ఏడు రైల్వే వాళ్ల నుంచి కాగితం వచ్చింది. నవంబరులో ఒక మంగళవారం మనిషిని పంపి, ప్రతి స్టేషనులో ఎంతమంది ఎక్కుతారో లెక్క రాయిస్తారట. అయిదుగురికి తక్కువైతే ఆ స్టేషను మూసేస్తారట.

మా ఊరి పెద్ద కన్నో గారు ఊరందర్నీ పిలిచి, "పదకొండు మందిమి ఎక్కుదాం. పట్నంలో వేడివేడిగా నూడుల్స్ తిని వద్దాం. లెక్క రాసేవాడి చెయ్యి నొప్పి పుట్టాలి" అన్నాడు.

"నీ ఒళ్లు చూసి నిన్నొక్కణ్ణే ఇద్దరుగా రాసుకుంటాడులే" అంది ఆయన భార్య. అందరం నవ్వాం. హిసయో కూడా ఆ రోజు కళ్లతో నవ్వింది.

సోమవారం సాయంత్రం మొదలైన మంచు తెల్లారేదాకా ఆగలేదు. పొద్దున వెళ్లి చూస్తే ప్లాట్‌ఫారం ఎక్కడుందో తెలియలేదు. మంచు తీయకపోతే బండి ఆగదు. పైగా లెక్క రాసే మనిషి వస్తున్నాడు, మన స్టేషను చెత్తగా కనబడితే ఎలా? పదకొండు మందిమి పారలు పట్టుకున్నాం. జబ్బుమనిషి హిసయో చేత కూడా చీపురు పట్టించాను. గంటన్నర తోసేసరికి ప్లాట్‌ఫారం అద్దంలా బయటపడింది. మేం మాత్రం నిలువెల్లా తడిసి ఉన్నాం. బూట్లలో నీళ్లు, కోట్లకు బురద, తలల మీంచి ఆవిర్లు.

ఏడూ నలభై రెండుకి బండి వచ్చింది. తలుపు తెరుచుకోగానే లోపలి వెచ్చదనం మా మొహాలకు తగిలింది. నీలం సీట్ల మీద ఇస్త్రీ బట్టల ఆడపిల్లలు పుస్తకాలు చదువుకుంటున్నారు. లెక్క రాసే మనిషి దిగి, అటూ ఇటూ చూసి, "ఎంత శుభ్రంగా ఉంచుకున్నారండీ!" అని నడుం వంచి దండం పెట్టాడు. నా ఒళ్లు పొంగిపోయింది.

హిసయో ఒక కాలు మెట్టు మీద పెట్టింది. దాని బూటు కింద బురద నీళ్లు కారాయి. నేను దాని చేయి పట్టి వెనక్కి లాగాను.

"ఏమిటే ఆ తొందర? ఆ పిల్లల బట్టలు పాడవ్వవూ?"

"ఎక్కండి మామ్మా, ఫరవాలేదు" అన్నాడు డ్రైవరు.

"అయ్యో వద్దులే బాబూ, మీకు ఇబ్బంది" అన్నాను నేను.

మా ఊళ్లో ఒక్క పిలుపుకే గడప దాటే మనిషి లేడు. మొదటిసారి వద్దనాలి. రెండోసారి పిలిస్తే కాస్త నసగాలి. అప్పుడు వెళ్లాలి. నా తల్లి నాకు నేర్పింది, నేను ఊరికంతా నేర్పాను. నేను రెండో పిలుపు కోసం చూస్తున్నాను, మిగతా పదిమందీ నన్ను చూస్తున్నారు. లెక్క రాసే మనిషి తిరిగి బండెక్కాడు. డ్రైవరు గడియారం చూసుకున్నాడు. టోపీ సర్దుకుని తల వంచాడు. తలుపు మూసుకుంది.

బండి కనుమరుగయ్యాక కన్నో గారే నోరు విప్పాడు. "ఏం కినూ గారూ, బండేమన్నా మీ వియ్యపురాలా, బతిమాలి ఎక్కించుకోవడానికి?"

"మధ్యాహ్నం బండి ఉందిగా. బట్టలు మార్చుకుని వద్దాం" అన్నాను. అందరం బట్టలు మార్చుకుని, దిండ్ల మీద పొందికగా కూర్చున్నాం. అవతల పట్టాల మీద మంచు పడి ఆ బండి రద్దయింది.

కొత్త సంవత్సరం దాటాక ఫలితం వచ్చింది. కమినుమాలో ఎక్కినవారు: సున్నా. కాగితం కింద, స్టేషనును ఎంతో శుభ్రంగా ఉంచుతున్నందుకు ఊరివారికి కృతజ్ఞతలు అని కూడా రాశారు.

మార్చి నెలాఖరున ఆఖరి బండి. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు పట్టుకుని రెండు వందల మంది వచ్చారు. బురద బూట్లతోనే తోసుకుంటూ ఎక్కారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. మేం కుట్టిన దిండ్లు జ్ఞాపకానికని పట్టుకుపోయారు. అదే బండిలో హిసయో, చేతిలో రెండు మూటలతో, నిలబడే వెళ్లింది. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

జూన్‌లో కన్నో గారు కారులో తీసుకెళితే దాన్ని చూడ్డానికి వెళ్లాను. పట్నం హోములో, నాలుగో అంతస్తులో గది. మంచం, కుర్చీ, టీ కెటిల్, ఒక కప్పు. కిటికీలోంచి చూస్తే ఆసుపత్రి గోడ. నేను తెచ్చిన ఊరగాయ డబ్బా పక్కన పెట్టి, "ఉప్పు తినకూడదన్నారు" అంది. కెటిల్లో నీళ్లు మరిగాయి.

"టీ తాగుతావా అక్కా?"

"వద్దులేవే, నీకెందుకు శ్రమ" అన్నాను. నోటికి పట్టిన అలవాటు.

హిసయో నా వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత తనకి డాక్టరు చెప్పిన అరకప్పు మాత్రం పోసుకుని, కెటిల్ మూత పెట్టేసింది.