చంద్రు ఫాంటు

“నువ్వేం చేస్తివి మే, ఊరికే గీకినావు. ఫాంటు చేయించింది నేను కదా!” అన్నాడు చంద్రు, భార్గవి మొగుడు.

తిరుత్తణిలో అతనిది పెళ్లిపత్రికల షాపు. చుట్టుపక్కల తెలుగిళ్ల పిల్లలకు అరవమే గానీ తెలుగు చదవను రాదు. అయినా పత్రికలో ఒక పక్క తెలుగు లేకపోతే పెద్దవాళ్లు ఒప్పుకోరు, అదీ చేత్తో రాసినట్టు ముద్దుగా ఉండాలి. అందుకని గుణింతాలు, ఒత్తులు అన్నీ పెళ్లాం చేత రాయించాడు. వంటయ్యాక, గిన్నెలు తోమాక, రెండు నెలలు రాసింది పాపం. తీరా ఆ చేతిరాతతో చేయించిన కంప్యూటర్ ఫాంటుకు ‘చంద్రు’ అని తన పేరే పెట్టుకున్నాడు, మహానుభావుడు! “మొగుని పేరుంటే నీకే గౌరవం” అంది అత్త అలమేలు. భార్గవి నవ్వి పనిలో పడింది.

ఆ మంగళవారం ఆమె పత్రికల అంచులకు పసుపు పూస్తుంటే, షేర్ ఆటో పెరుమాళ్ వచ్చాడు. “అక్కా, కండిగైలో మీ అమ్మ ఇచ్చింది” అని ఒక కాగితం చేతికిచ్చాడు. తల్లి చెంగమ్మకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోను పనికిరాదు, తల్లీకూతుళ్ల మాటలన్నీ కాగితాల మీదే.

‘నీ జాబు చేరింది. పడి కాలిరిగింది, పది దినాలుండి పొమ్మంటే రాలేనంటివి. పరవాలేదు. బాగుండానని రాసినావు, నాకు అది చాలు.’

భార్గవి కాగితాన్ని రెండోసారి చదివింది. అమ్మ కాలు విరిగిందనే ఆమెకు తెలియదు. ఏ జాబూ రాయలేదు.

“మామా, అమ్మకు నా మాదిరి రాసిందెవరు?”

చంద్రు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. “నేనే. ఆయమ్మ జాబు నా చేతికొచ్చింది, ఫాంట్‌లో బదులు కొట్టి, ప్రింటు తీసి పంపిస్తి. ముహూర్తాల సీజన్‌లో నువ్వు పోతే ఈడ ఎవరు చూస్తారు? ఇంట్లో వండేదెవరు?”

“నన్నొక మాట అడగొద్దా?”

“అడిగింటే నువ్వేం రాస్తావు? బాగుండాను, రాలేను. ఎప్పుడూ రాసేది అదే కదా!”

ఆ మాట నిజం, అందుకే గుండెలో గుచ్చుకుంది. అత్త విసిరిన కంచం ఏరిన రోజూ బాగుండాననే రాసింది. జ్వరంతో షాపులో కూర్చున్న రోజూ, కడుపు పోయిన వారమూ అదే రాసింది. వీడు తన అక్షరాలతో పాటు తన అబద్ధాన్నీ నేర్చుకున్నాడు. ఛీ, దొంగ చేతికి తాళాలిచ్చింది తానే! కోపం సగం తన మీదికే తిరిగింది.

చేతుల పసుపు కడుక్కుని చెప్పులేసుకుంది.

“యాడికి మే? సాయంత్రానికి రెండొందల పత్రికలియ్యాల!”

బయటున్న పెరుమాళ్ ఆటో ఎక్కింది.

కండిగైలో కట్టుకాలితో మంచం మీదున్న చెంగమ్మ కూతుర్ని చూసి కళ్లు పెద్దవి చేసింది. “రాలేనంటివి కదే! అంత పని ఇడిసిపెట్టి వస్తివా? బాగుండావా?”

భార్గవి అలవాటుగా తల ఊపబోయి ఆగింది. పక్కనున్న కాగితం లాక్కుంది. తొందరలో అక్షరాలు వంకరపోయాయి. అయినా ఆపకుండా రాసి, అమ్మ ముందు పెట్టింది.

‘నేను బాగలేనమ్మా. పన్నెండేండ్లుగా బాగలేను.’