అత్తగారు పడవెక్కిన రోజు

లైట్‌హౌస్ కాపలాదారు భార్యకు నెలలు నిండినప్పుడు, పురుడు పోయడానికి అతని తల్లి పడవలో దీవికి వచ్చింది. దారిపొడవునా వాంతులే. గట్టున కాలు పెట్టగానే, "మళ్ళీ పడవెక్కితే ఒట్టు!" అంది. అందరూ నవ్వారు. మనవరాలు పుట్టింది, పాకింది, పరుగులు తీసింది, పెద్ద చదువుకని ఊళ్ళో హాస్టల్లో చేరింది. అత్తగారు మాత్రం దీవి దాటలేదు.

అది చిన్న దీవి. నల్లరాళ్ళు, కాసిని మేకలు, వాననీళ్ళ తొట్టి, ఒక ఇల్లు, దాని నెత్తిన నిలబడ్డట్టు తెల్లటి టవరు. టవరు లేని కాలంలో జాలర్ల భార్యలు ఆ రాళ్ళమీదే కట్టెలు మండించి మగవాళ్ళకి దారి చూపేవారట. ఓ వానాకాలం సరుకుల ఓడొకటి అక్కడే బద్దలయ్యాక, పడవల మీద రాయి తెప్పించి టవరు కట్టారు. మొదట కిరసనాయిలు దీపం, తర్వాత కరెంటు బల్బు. చూడవచ్చినవాళ్ళకి కొడుకు ఇదంతా చెబుతుంటే అత్తగారు అడ్డుపడేది: "ఆడవాళ్ళ సంగతి సరిగ్గా చెప్పరా, మింగేస్తున్నావు."

పొద్దున్నే అత్తాకోడళ్ళు మెట్లెక్కి దీపం చుట్టూ ఉన్న పెద్ద అద్దాలు తుడిచేవారు. నేరుగా ఎండ పడితే ఆ అద్దాలు గుడ్డని కూడా కాల్చేస్తాయి. అందుకని తెరలు దించి, ఆ నీడలో కూర్చుని ఊసులాడుకునేవారు. కిందికి దిగేసరికి పొయ్యి మీద నీళ్ళు ఇగిరిపోయి ఉండేవి.

ఇంతలో దీపాన్ని దానంతటదే వెలిగించే యంత్రం వచ్చింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. సామానంతా పడవెక్కింది. అత్తగారు గుమ్మంలో కూర్చుంది.

"మీరెళ్ళండి. నేను మేకలతో ఉంటా."

"మేకల్ని కూడా తీసుకెళ్తున్నామమ్మా!" కొడుకు బతిమాలాడు, విసుక్కున్నాడు, చివరికి తల పట్టుకుని రేవులోకి వెళ్ళిపోయాడు.

కోడలు వచ్చి పక్కన కూర్చుంది. "అత్తయ్యా, నాకూ పడవంటే చచ్చేంత భయం."

"ఊరుకో. ఇన్నేళ్ళూ సరుకులకి నువ్వేగా వెళ్ళొచ్చావు?"

"ఆయన దీపం వదిలి రాకూడదు. మీరు పడవెక్కరు. ఇంకెవరెళ్తారు? తిరిగొచ్చేసరికి మీరు గట్టున నిలబడి ఉంటారుగా అనుకుంటూ కళ్ళు మూసుకుని కూర్చునేదాన్ని. ఇవాళ మిమ్మల్నే వదిలేసి వెళ్ళాలంటే కాళ్ళాడటం లేదు."

అత్తగారు ఆమె వంక చూసింది. కోడలు ఆమె కొంగు గుప్పిట్లో పట్టుకుని వదలడం లేదు.

"ముందే చెప్పి చావొచ్చుగా, పిచ్చిమొహమా!" అంటూ లేచింది. "పద. ఒక్కదానివీ ఎలా కూర్చుంటావు?"

పడవలో కోడలి తలని తన శాలువాలోకి లాక్కుని, తనూ గట్టిగా కళ్ళు మూసుకుంది. అల కొట్టినప్పుడల్లా, "ఒరేయ్, నెమ్మది! పిల్ల బెదిరిపోతోంది" అని పడవవాడి మీద అరిచింది. ఆ పిల్లకి అప్పటికే జుట్టు నెరుస్తోంది.

అవతలి రేవులో కొడుకు ముందుగా దిగి చెయ్యందించాడు.

"నాకెందుకురా? ముందు దాన్ని దించు."

దిగాక కూడా ఇద్దరికీ నేల ఊగుతూనే ఉంది. రేవు మెట్ల మీదే కూలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టి, చాలాసేపటిదాకా లేవలేకపోయారు.