ఆయమ్మ మాట

ఆయమ్మకీ ఓ పేరుండేది. కానీ తల్లులు ఉద్యోగాలకి వెళ్తూ చంటిపిల్లల్ని దిగబెట్టే క్రెష్‌లో ఇరవై మూడేళ్లు పనిచేశాక, వీధంతా ఆ పేరు మరిచిపోయి ఆయమ్మనే ఖాయం చేసేసింది. పిల్ల పాలు తాగకపోయినా, ఊరికే గుక్కపట్టి ఏడ్చినా ముందు ఆమె తలుపే తట్టేవారు. లిఫ్టులు బాగుచేసే అల్లుడు కూడా, "లిఫ్టు ఆగిపోతే నన్ను పిలవండి, పిల్ల ఏడుపు ఆగకపోతే మా అత్తయ్యని పిలవండి" అని నవ్వేవాడు.

అలాంటి ఆయమ్మకి మనవరాలు పుట్టింది. నెలలు నిండిన పిల్ల, నల్లటి ఒత్తు జుట్టు. రెండు రోజులు చక్కగా పాలు తాగింది. మూడోరోజు పొద్దున్నే ఆసుపత్రి నుంచి ఆయమ్మ ఇంటికి తెచ్చుకున్నారు. తెచ్చిన గంటకి పిల్ల కక్కింది.

కూతురు తువాలు పట్టుకొచ్చి చూపించింది. "అమ్మా, ఇదేంటి ఇలా ఆకుపచ్చగా ఉంది?"

"పాలు అరక్క పసరొచ్చింది. భుజాన వేసుకుని వీపు నిమురు, అదే సర్దుకుంటుంది."

మధ్యాహ్నంలోపు మరో రెండుసార్లు కక్కింది. ఆకు నూరి పిండినట్టు చిక్కటి పచ్చ. అల్లుడు బండి తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఓసారి చూపించుకొద్దాం అత్తయ్యా."

"పొద్దున్నేగా వచ్చాం అక్కణ్ణించి! పచ్చి బాలింతని మళ్లీ తిప్పుతారా? ఈ చేతులమీద ఎన్ని వందలమంది పెరిగారు బాబూ! కక్కని పిల్లని ఒక్కదాన్నీ చూళ్లేదు నేను."

అతను భార్య వంక చూశాడు. ఆమె తల్లి వంక చూసింది. అతను తాళాలు మళ్లీ మేకుకి తగిలించేశాడు.

సాయంత్రానికి పిల్ల ఏడవడం మానేసింది. నిద్రపట్టిందిలే అనుకుంది ఆయమ్మ. తడిగుడ్డ మార్చబోతే నెత్తుటి జీర కనబడింది. పొట్ట మీద చెయ్యి వేసింది. ఉబ్బి, బిగుసుకుపోయి ఉంది. చెప్పులైనా వేసుకోకుండా పిల్లని గుండెకి హత్తుకుని వీధిలోకి పరిగెత్తింది.

పెద్దాసుపత్రిలో పిల్ల ముక్కులోంచి సన్నటి గొట్టం వేస్తే పసరు ధారగా వచ్చింది. సెలైన్ ఎక్కించారు, ఎక్స్‌రే తీశారు, స్కానింగ్ చేశారు. ఆ వెంటనే సర్జన్ వచ్చింది. ఆవిడ మాటల్లో తొందర ఉంది గానీ కంగారు లేదు.

"తల్లి కడుపులో ఉండగానే పేగులు ఒక తీరుగా తిరిగి, వాటి చోట్లో అవి అతుక్కోవాలి. ఈ పాపకి అతుక్కోలేదు. సన్నటి కాడకి వేలాడుతున్నాయి. ఇప్పుడా కాడే మెలిపడిపోయింది. లోపల దారీ మూసుకుపోయింది, నెత్తురూ అందడం లేదు. వెంటనే కడుపు తెరిచి మెలి విప్పాలి."

"బతుకుతుందా?" అన్నాడు అల్లుడు.

"పేగు ఎంత మిగిలిందో చూస్తేగానీ చెప్పలేను."

రెండు గంటల తర్వాత ఆవిడ బయటికొచ్చి వాళ్ల పక్కనే బెంచీ మీద కూర్చుంది. నిలబడి చెప్పకుండా కూర్చోవడంతోనే ఆయమ్మకి సగం అర్థమైపోయింది. మెలి విప్పారట. గోరువెచ్చటి గుడ్డలు కప్పి, రంగు తిరుగుతుందేమోనని చాలాసేపు చూశారట. చాలా భాగం నల్లబడే ఉందట. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటుందేమోనని ఏమీ కోయకుండా మూసేశారట. ఎల్లుండి పొద్దున మళ్లీ తెరిచి చూస్తారట.

ఆ మధ్య రోజు గడవడం ఒక యుగమైంది. పిల్ల అద్దాల పెట్టెలో, మిషను పోసే ఊపిరితో పడుకునుంది. కూతురికి పాలు పొంగి జాకెట్టు తడిసిపోతోంది. నర్సు పాలు పిండించి, చిన్న సీసాల్లో పోసి, మీద చీటీ అంటించి ఫ్రిజ్‌లో పెట్టింది. "కోలుకున్నాక పాపకి పడదాం," అంది. సీసాలు ఐదయ్యాయి.

ఆయమ్మ సర్జన్ గది బయట కాపు కాసి, ఆవిడ రాగానే అడిగేసింది. "పొద్దున్నే తెచ్చుంటే?"

సర్జన్ ఆమెని లోపలికి పిలిచి చెప్పింది. "ఖాయంగా చెప్పలేనమ్మా. కానీ బతికే అవకాశం ఎక్కువుండేది. పసిపిల్ల ఆకుపచ్చగా కక్కితే ఒక్క గంట కూడా ఆగకూడదు. ఇది చాలామందికి తెలీదు."

"నాకు తెలిసుండాలి," అంది ఆయమ్మ.

రెండోసారి తెరిచినప్పుడు బతికున్న పేగు బెత్తెడు కూడా లేదు. సర్జన్ ముగ్గుర్నీ పిలిచి, చేయగలిగింది ఏముందో, దాంతో పిల్ల పడే బాధేమిటో, దాచకుండా చెప్పింది. కూతురు అంతా విని ఒక్కటే అడిగింది. "నేనింకా దాన్ని సరిగ్గా ఎత్తుకోనేలేదు. ఇస్తారా?"

నొప్పి తెలియకుండా మందిచ్చి, గొట్టాలు ఒక్కొక్కటే తీసి, పిల్లని తల్లి ఒళ్లో పెట్టారు. కిటికీలోంచి ఎండ పడుతోంది. అల్లుడు మోకాళ్లమీద కూర్చుని ఆ గుప్పెడు జుట్టు నిమురుతూనే ఉన్నాడు. ముప్పావుగంట ఉంది పిల్ల.

ఆ తర్వాత అల్లుడు ఆయమ్మని వరండాలోకి తీసుకెళ్లాడు. "ముందొచ్చినా లాభం ఉండేది కాదని డాక్టరు అన్నారని మీ అమ్మాయికి చెప్పాను. మీరూ అదే చెప్పండి అత్తయ్యా. మీ కోసం కాదు, తన కోసం."

పది రోజులు ఆ మాటనే మోసింది ఆయమ్మ. పదకొండో రోజు కూతురి జుట్టు దువ్వుతూ దువ్వుతూ, సర్జన్ నిజంగా అన్నదేమిటో చెప్పేసింది.

కూతురు వెనక్కి తిరగలేదు. "తెలుసమ్మా. ఆ రంగు చూడగానే నాకు భయమేసింది. నువ్వన్నావు గదా అని ఊరుకున్నాను." జుట్టు తనే ముడేసుకుని, "నన్ను మా ఇంటికి వెళ్లనీ," అంది.

మూడు నెలలు ఫోన్ లేదు. ఆయమ్మ క్రెష్‌కి వెళ్లేది. కొత్తగా వచ్చే ప్రతి తల్లినీ పక్కకి పిలిచి, పసరు కక్కితే ఆగొద్దని, తను ఆపానని, ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పేది. "పెద్దవాళ్లు వద్దన్నా వినకండి. నాలాంటిది చెప్పినా వినకండి." కొందరు కళ్లు తుడుచుకునేవారు. ఒకావిడ తన బిడ్డని ఆ రోజే మాన్పించి తీసుకుపోయింది. ఆయమ్మ ఏమీ అనుకోలేదు.

ఒక సాయంత్రం పిల్లలందరూ వెళ్లిపోయాక, గేటు దగ్గర కూతురు కనబడింది. చిక్కిపోయింది. లోపలికొచ్చి, పిల్లలు కూర్చునే పొట్టి బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆయమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"నీ మీద కోపం పోలేదమ్మా."

"పోనక్కర్లేదు తల్లీ."

"ఎప్పటికీ పోదేమో."

"సరే."

అప్పుడు కూతురు, తల్లి భుజానికి తల ఆనించి, వెక్కుతూ వెక్కుతూ మొదలుపెట్టింది. "దాని జుట్టు, అమ్మా... ఎంత ఒత్తుగా ఉండేదో చూశావా?"

"చూశాను," అంది ఆయమ్మ. "చెప్పు."