వానరోజు చొక్కాలు

చెత్త తీసే మనిషి ముందుకు కాకుండా వెనక్కి పడింది. అదొక్కటే ఆమె అదృష్టం. ముందుకు పడి ఉంటే కాలువలోంచి శవాన్ని తీయాల్సి వచ్చేది. వాన నీటి కాలువ చెరువులో కలిసేచోట ఇనుప జాలీ ఉంటుంది. దానికి అడ్డుపడిన కవర్లూ కొమ్మలూ కొక్కెంతో లాగడం ఆమె పని. ఇవాళ వంగి కొక్కెం వేసిందో లేదో కుళ్లిన గుడ్ల వాసన గుప్పుమంది. రెండో ఊపిరి తీసుకునేలోపే కూలిపోయింది. కాలువల ఇంజనీరు పరుగున వచ్చేసరికి అంబులెన్సు వెళ్లిపోయింది. కొక్కెం మాత్రం జాలీకి వేలాడుతోంది. దాని కింద నీళ్లు నల్లటి నీలంగా, చిక్కగా, నురగలు కక్కుతూ చెరువులోకి పాకుతున్నాయి. సగం ఊరు తాగేది ఆ చెరువు నీళ్లే.

ఇంజనీరు చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని ముందు పంపుహౌస్‌కి ఫోన్ చేసింది. తోడడం ఆపమంది. ఎవరి ఆర్డరని అవతలివాడు నసిగితే, నాదే అంది. ఇంట్లో ఎప్పుడూ వాడని గొంతు అది.

ఆ ఇంట్లో ఆమె ఉద్యోగానికి గౌరవం అంతంతమాత్రం. అత్తగారు ఇరుగుపొరుగుతో "మా కోడలు మురిక్కాలువలు చూసుకుంటుంది" అని చెబుతుంది. మురుగు వేరు, వాన నీళ్లు వేరు అత్తయ్యా, మురుగును శుభ్రం చేసి వదులుతారు, వాన నీళ్లు నేరుగా చెరువులోకే పోతాయి, దారిలో వడపోసే దిక్కు లేదు, రోడ్డు మీద ఏది పారబోస్తే అదే మనం తాగుతాం అని ఒకసారి ఓపిగ్గా వివరించింది. అత్తగారు అంతా విని "ఏ నీళ్లయితేనేం, ముందు కాళ్లు కడుక్కుని వంటింట్లోకి రా" అంది. పెళ్లయిన కొత్తలో ఆమె భర్తను పేరు పెట్టి పిలిచినప్పుడు కూడా ఆవిడ అంతే తాపీగా "వాడేమైనా నీ ఆఫీసులో ప్యూనా?" అంది. భర్త నవ్వాడు. ఆ తర్వాత ఆ పేరు ఆమె నోట రాలేదు.

కాలువ వెంట పైకి నడవడమే ఇప్పుడు మార్గం. రెండు పాయలు కలిసే ప్రతిచోటా మూత ఎత్తి చూడాలి, ఏ పాయలో రంగుంటే అటు పోవాలి. మేస్త్రీ గునపంతో మూతలు ఎత్తుతున్నాడు. గాలి వచ్చే వైపు నిలబడమని అతనికి చెప్పి తను టార్చి వేసి చూస్తోంది. ఒకచోట మూత మీద వంగి ఉండగానే ఇంటినుంచి ఫోన్. మిక్సీ మూత కనపడట్లేదని అత్తగారు. కింద నీలం నీళ్లు సుడి తిరుగుతుంటే, పై అరలో ఎడమవైపు గిన్నెల వెనక ఉందని చెప్పింది. అక్కడ లేదని అత్తగారు, ఉందని ఆమె, కాసేపు వాదన. చివరికి దొరికింది. దొరికిన మాట చెప్పకుండానే ఫోన్ పెట్టేసింది ఆవిడ.

"వాన జోరుగా పడుంటే మనకి తెలిసేదే కాదు మేడమ్," అన్నాడు మేస్త్రీ, ఆకాశంకేసి చూసి. "మొత్తం కొట్టుకుపోయేది. పోయిన వానలప్పుడు చేపలు తేలితే పిడుగు పడిందన్నారు. ఈసారి నాలుగు చినుకులే పడ్డాయి, దొంగ దొరికిపోయాడు."

నిజమే. పొద్దున ఆమె ఫోన్‌కి వచ్చిన హెచ్చరిక కుండపోత అంది. కాలువల విభాగం కాబట్టి వాన కబురు ఊరందరికన్నా ముందు ఆమెకే వస్తుంది. తీరా చూస్తే రోడ్డు తడిసీ తడవకుండా ఆగిపోయింది.

రంగు వాళ్లను ఊరి చివరి షెడ్ల వైపు లాక్కెళ్లింది. ఆ దారిలో మొదటి ఇల్లు రంగులవ్వది. పాత దుప్పట్లకూ కర్టెన్లకూ రంగులద్ది బతుకుతుంది. పెరట్లో రెండు గంగాళాలు, తీగల మీద తడి గుడ్డలు, మోచేతుల దాకా నీలం. వీళ్లు చేరేసరికే ఆమె పై అధికారి, పెద్ద సారు, జీపు దిగి ఉన్నాడు, పక్కన ఇద్దరు పోలీసులు. అవ్వ చేతులు చూడగానే ఆయనకు కేసు తేలిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గర టీవీ వాళ్లు కాచుక్కూర్చున్నారట, సాయంత్రానికి ఒక పేరు చెప్పకపోతే తన కుర్చీ కిందికి నీళ్లొస్తాయట. అవ్వ ఏడవలేదు. తను వాడేది రెండు గంగాళాల నీళ్లనీ, ఆ నీళ్లు కూడా మొక్కల మధ్య గుంటలోకే పోతాయనీ, వచ్చి చూడమనీ అందరి మొహాలూ చూస్తూ చెప్పింది. ఎవరూ వెళ్లి చూడలేదు.

"సార్, ఇంకా పైన ఒక మూతుంది," అంది ఇంజనీరు.

"పైనేముందమ్మా? మీ ఆయన జీన్స్ వాషింగ్ యూనిట్టేగా," అన్నాడు పెద్ద సారు. "ఆయనకి ట్యాంకరుంది. వ్యర్థమంతా శుద్ధి ప్లాంటుకి తోలిస్తాడని నేనే మీటింగుల్లో నలుగురికీ చెబుతుంటా. టైము వేస్టు చెయ్యకు."

అప్పుడే ఆయనే ఫోన్ చేశాడు. ఆయనంటే భర్త. పనివేళల్లో ఆమెకు ఎప్పుడూ చెయ్యని మనిషి.

"కుండపోత అన్నావ్, ఏదీ?" కోపంగా ఉంది గొంతు. "ఇంకా పడుతుందా, అయిపోయిందా? నీ మాట నమ్ముకుంటే ఇంతే."

ఆమె ఏదో చెప్పేలోపే పెట్టేశాడు. కప్పు కింద కూర్చుని జీన్స్ ఉతికించే మనిషికి వాన పడకపోతే ఏం నష్టం? పొలం లేదు, పెరట్లో మొక్క కూడా లేదు. ప్రమోషన్ వచ్చిందని చెప్పిన రోజు "అయితే ఇంక ఇంటికి ఆలస్యంగా వస్తావన్నమాట" అన్నాడు. ఆమె పని గురించి అంతకుమించి ఏనాడూ మాట్లాడలేదు, ఒక్క ప్రశ్న తప్ప. పళ్లెం ముందు కూర్చుని, తలెత్తకుండా, ఇవాళ వాన ఉందా, ఎన్నింటికి, ఎంతసేపు అని అడుగుతాడు. దానికోసం ఆమె ఫోన్ కొంగుకి తుడిచి మరీ చూసి చెప్పేది. ఎన్ని పొద్దులు ఆ ప్రశ్న కోసం ఎదురుచూసిందో తలుచుకుంటే ఇప్పుడు చెంపలు మండాయి. తన పని ఈ మనిషికి పనికొస్తోందని మురిసిపోయింది. తడుస్తానేమోనని అడుగుతున్నాడని కూడా ఒకసారి అనుకుంది. ఆ రోజు అన్నం వడ్డిస్తూ కూనిరాగం తీసింది. నిజంగానే పనికొచ్చింది. వాన ఎప్పుడు మొదలవుతుందో ముందే తెలిస్తే యూనిట్‌లో వ్యర్థాల తొట్టి మూత ఎప్పుడు తెరవాలో తెలుస్తుంది.

ఆమె మేస్త్రీని పిలిచి ఎవరి మాటా వినకుండా పైకి నడిచింది. యూనిట్ గోడ పక్కన, ముళ్లకంపలో ఉంది మూత. గునపం దిగింది, మూత కదిలింది. వేడి ఆవిరి మొహానికి కొట్టింది.

మేస్త్రీ దగ్గుతూ వెనక్కి తగ్గాడు. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. వానరోజుల్లో ఆయన చొక్కాల్లో ఉండే వాసన అది. ఎండరోజు చొక్కాలకు చెమట, మడ్డి, మామూలు రంగు వాసన. వానరోజు చొక్కా విప్పి తలుపు మీద వేస్తే చాలు, గదంతా ఎక్కడో గుడ్డు పగిలినట్టు ఉండేది. తడిగా మూలన పడేశావు, ఎండ చూపించలేదు, బట్టలు ఆరేయడం కూడా రాని దాన్ని తెచ్చుకున్నామని అత్తగారు ముక్కు మూసుకునేది. నా బట్టలు కంపు కొడుతున్నాయి, పదిమందిలో నా పరువు తీస్తున్నావని భర్త. తనదే తప్పనుకుంది ఆమె. మళ్లీ నానబెట్టి, మళ్లీ పిండి, ఫ్యాన్ కింద కుర్చీల మీద పరిచి, ఇస్త్రీపెట్టె వేడితో ఆ వాసనను చంపి, తెల్లారి మడతపెట్టి చేతికిచ్చేది. పిండి పిండి వేళ్ల సందుల్లో చర్మం ఊడితే ఆఫీసులో చేతులు బల్ల కింద దాచుకునేది. కాలువల గురించి ఇంత చదివిన తను, ఊళ్లో ప్రతి పాయా ఎటు పోతుందో తెలిసిన తను, ఆ బకెట్లోకి చూసి కూడా చూడలేదు. ఇంటి బకెట్టు కదా. అందులో కనిపించేది తన చేతకానితనమే అని నమ్మించారు, నమ్మింది.

"మేడమ్," అన్నాడు మేస్త్రీ మెల్లగా. అతను ఆమెకేసి కాక గోడకేసి చూస్తున్నాడు. "మూసెయ్యమంటారా? నేనేం చూళ్లేదు."

అది దయే. అందుకే ఇంకా భయమేసింది. మూత పడితే చాలు. సాయంత్రం ఇంటికెళ్లొచ్చు, చొక్కా నానబెట్టొచ్చు, రేపు పొద్దున ఆయన వాన ఉందా అని అడిగితే చెప్పొచ్చు. మూత తెరిచే ఉంటే ఆ ఇంట్లో తన గిన్నె ఎక్కడుంటుందో, అసలు ఉంటుందో లేదో తెలియదు. వెనక్కి తిరిగి చూసింది. కింద అవ్వను జీపు ఎక్కిస్తున్నారు. చెప్పులు వేసుకోనివ్వమని అడుగుతోంది ముసలామె. స్టేషనుకి పోతున్నట్టు కాకుండా ఊరికి పోతున్నట్టు గుడిసె తలుపు దగ్గరికి లాగి, గొళ్లెం పెట్టి, రెండుసార్లు లాగి చూసుకుంది. అదే వేళకి పెద్ద సారు ఫోన్లో ఎవరికో చెప్పడం వినిపించింది. చెత్త తీసే మనిషిని ఊపిరి మెషీను మీద పెట్టారట, ఇంకా కళ్లు తెరవలేదట.

"మూత తెరిచే ఉంచు," అంది ఇంజనీరు. "ఎవరూ మూయకుండా ఇక్కడే నిలబడు."

ఆమె కిందికి దిగొచ్చి జీపుకి అడ్డంగా నిలబడింది. అవ్వను దింపమంది. పెద్ద సారు విసుగ్గా చూశాడు. పైన మూత తీశాననీ, ఆవిరింకా వస్తోందనీ, ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చనీ చెప్పింది. గోడ కింది నుంచి వచ్చే గొట్టం అక్కడే కలుస్తోందనీ, దాన్ని వాన పడ్డ రోజుల్లో తెరుస్తారనీ, వాన ఎప్పుడు పడుతుందో ప్రతి పొద్దునా చెప్పింది తనేననీ, అడిగింది ఎందుకో తెలియక చెప్పాననీ, ఆ మాట కూడా రాసుకోమనీ చెప్పింది. మధ్యలో ఎక్కడా ఆగలేదు.

పెద్ద సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "తొందరపడకమ్మా. ఇంట్లో మాట్లాడుకోండి ముందు. ఆడపిల్లవి, రేపు ఏ గుమ్మం ఎక్కుతావు?"

"ఎవరండీ తెరిచింది?" అన్నాడు పోలీసు, కలం తీసి.

"మా ఆయన."

"అలా రాయలేనమ్మా. పేరు కావాలి."

ఆమె మెడలో గుర్తింపు కార్డు గాలికి తిరగబడి ఉంది. దాన్ని సరిచేసుకుంది. తర్వాత ఇంటిపేరుతో సహా ఆ పేరు పలికింది, పోలీసుకీ, పెద్ద సారుకీ, జీపు మెట్టు మీద కూర్చున్న అవ్వకీ, పైన గోడ పక్కన నిలబడ్డ మేస్త్రీకీ స్పష్టంగా వినపడేలా.