అజాన్‌కీ అజాన్‌కీ మధ్య

ఇస్తాంబుల్‌లో పిల్లికి యజమాని ఉండడు. వీధి ఉంటుంది, అంతే. అక్కడి సమత్యా పేటలో రైలుకట్ట కింది సందులో తిరిగే బూడిదరంగు గండుపిల్లికి మూడు పేర్లుండేవి. కిరాణా కొట్టు జెలాల్ దాన్ని పాషా అనేవాడు, మంగలి ఒక పేరుతో, రొట్టెల బట్టీవాడు ఇంకో పేరుతో పిలిచేవారు. బొంతలు కుట్టే రిఫ్కీ మాత్రం దానికి ఏ పేరూ పెట్టలేదు. శాటిన్ గుడ్డకి పిల్లి బొచ్చు అంటుకుంటే ఏరడానికి ఒక పూట పడుతుంది. అందుకని అది గుమ్మంలోకి వస్తే చీపురు చూపించేవాడు.

జనవరి మొదట్లో ఎవరో మోటారుసైకిలుతో దాని తోక మీదుగా పోయారు. సందంతా పోగై పశువుల డాక్టరు నెరిమాన్ దగ్గరికి మోసుకెళ్లింది. ఆవిడ తోక తీసేసి ప్రాణం నిలబెట్టింది. కానీ తోక మొదట్లో నరాలు దెబ్బతిన్నాయనీ, ఒంటేలు దానంతట అది పోసుకోలేదనీ, పూటపూటా ఎవరైనా పొట్ట నొక్కి పోయించాలనీ చెప్పింది. నెలా రెండు నెలల్లో నరాలు కోలుకుంటే సరే, లేకపోతే సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చడమే అంది. అప్పటిదాకా ఒకరిని తోసుకుని ఒకరు దాన్ని నిమిరిన జనం ఆ మాటతో మొహమొహాలు చూసుకున్నారు. జెలాల్‌కి కొట్టు వదిలితే కుదరదు. మంగలి భార్యకి ఉబ్బసం. బట్టీవాడి ఇంట్లో చంటిపిల్ల. సాకులు కావు, అన్నీ నిజమే. చివరికి చూపులన్నీ తిరిగి తిరిగి రిఫ్కీ మీద ఆగాయి.

"నీకేం బాబాయ్, ఒంటరివాడివి. ఖాళీగానే ఉంటావుగా," అన్నాడు జెలాల్.

అందులో అబద్ధం ఏమీ లేదు, అందుకే అంతగా గుచ్చుకుంది. రిఫ్కీకి డెబ్బై రెండేళ్లు, పెళ్లి కాలేదు. యాభై ఏళ్లపాటు ఆ చుట్టుపక్కల పెళ్లికూతుళ్లందరికీ గులాబీరంగువీ నీలంరంగువీ శాటిన్ బొంతలు కుట్టిచ్చాడు, ఇద్దరికి సరిపోయేంత వెడల్పుగా. తను మాత్రం కొట్టు వెనక గదిలో ఇరుకు మంచం మీద, ఎవరో వద్దని తిప్పి పంపిన బొంత కప్పుకుని పడుకుంటాడు. ఇప్పుడందరూ ఫ్యాక్టరీ బొంతలే కొంటున్నారు. గడప తొక్కే మనిషి లేని రోజులు వారానికి నాలుగైనా ఉంటాయి. కాదనడానికి ఒక్క సాకు వెతికాడు గానీ దొరకలేదు.

నెరిమాన్ అతని చెయ్యి పట్టుకుని నేర్పింది. మూత్రసంచి ఎక్కడుందో తెలియడానికి కొత్తవాళ్లకి వారం పడుతుందట. రిఫ్కీకి రెండోసారికే దొరికిపోయింది. గుడ్డ మీద నుంచి తడిమి దూదిలో ఉండ ఎక్కడుందో చెప్పగల వేళ్లు అవి. లోపల నిమ్మకాయంత గుండ్రంగా, గట్టిగా తగిలింది. రెండువైపుల నుంచీ మెల్లగా అదిమాడు. పళ్లెంలోకి ధార పడింది, పిల్లి ఒళ్లంతా సడలించేసింది. ఇన్నేళ్లలో తన చేతుల మీదుగా ఇంకొక ప్రాణికి ఇంత హాయి కలిగిందా అనుకున్నాడు రిఫ్కీ, అనుకుని సిగ్గుపడ్డాడు.

రోజుకి ఐదుసార్లు నొక్కాలంది డాక్టరు. ఐదు అనగానే ఇంకేమీ అడగాల్సింది లేదనిపించింది అతనికి. రోజుకి ఐదుసార్లంటే అజాన్ లెక్కే. శుక్రవారం తప్ప మసీదు మొహం చూడని మనిషి, ఇప్పుడు మైకులో గొంతు సవరించిన చప్పుడు వినగానే లేచి చేతులు కడుక్కునేవాడు. ఐదు పూటలా లేస్తున్నావట, మా దగ్గర మాత్రం కనపడవేం అని ఇమామ్ కూడా ఆట పట్టించాడు.

పిల్లిని తువ్వాలు మీద పడుకోబెట్టుకుని, నొక్కినంతసేపూ ఏదో ఒకటి చెబుతూనే ఉండేవాడు. ఏ పెళ్లికూతురు ఏ రంగు అడిగింది, ఎవరి అత్తగారు దూది తూకం వేయించింది, అన్నీ. ఒకరోజు నెస్రిన్ బొంత సంగతి కూడా చెప్పాడు. పక్క వీధి నెస్రిన్. ఆమెని తను పెళ్లికి అడుగుదామనుకుంటూ ఉండగానే ఆమె తండ్రి వచ్చి పెళ్లిబొంత కుట్టమన్నాడు. ఆ బొంతకి అన్నిటికంటే దగ్గర కుట్టు వేశాడు. ఈ మాట అంతకుముందు అతను ఎవరితోనూ అనలేదు. పిల్లి వింటూ, రెండు కళ్లూ మూసుకుంది.

పన్నెండో రోజు పొద్దున ధారలో నెత్తురు కనిపించింది. పిల్లి ఒళ్లు కాలిపోతోంది. బొంతముక్కలో చుట్టుకుని పరిగెత్తాడు. నెరిమాన్ సూది వేసి, ఎప్పుడెప్పుడు నొక్కుతున్నావని అడిగింది. అజాన్‌కీ అజాన్‌కీ అన్నాడు రిఫ్కీ, మెచ్చుకుంటుందనుకుని. ఆవిడ తల పట్టుకుంది.

"చలికాలం బాబాయ్ ఇది. రాత్రి అజాన్ ఏడింటికే అయిపోతుంది, పొద్దుటిది మళ్లీ ఏడింటికి. మధ్యలో పన్నెండు గంటలు దాన్ని అలా ఉంచేశావు. మధ్యాహ్నం నుంచేమో రెండు గంటలకోసారి పిండుతున్నావు. అజాన్ సూర్యుణ్ని బట్టి వస్తుంది. దాని పొట్టకి సూర్యుడితో ఏం పని?"

రిఫ్కీ అక్కడే బల్ల మీద కూలబడి ఏడ్చాడు. చంపేసేవాణ్నే అన్నాడు. ఆ గదికి మళ్లీ తనొక్కడే వెళ్లాల్సి వస్తుందేమో అన్న భయం కూడా ఆ ఏడుపులో ఉంది. ఆ రోజే అలారం గడియారం కొన్నాడు. లెక్కగా ఐదు గంటలకోసారి నొక్కడం, మందు మింగించడం, ఉప్పు లేకుండా ఉడికించిన కోడినీళ్లు చెంచాతో పట్టడం. ఆరు రోజులకి జ్వరం దిగింది. పిల్లి అతని మోకాళ్ల మీద నిద్రపోవడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరి ఆఖరులో ఒక పొద్దున మంచం కాళ్ల దగ్గర నేల తడిగా ఉంది. వంగి వాసన చూశాడు. ఎవరూ నొక్కకుండా, దానంతట అదే పోసింది. రిఫ్కీ సంతోషంతో జెలాల్‌ని కేకెయ్యబోయాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. బాగైన పిల్లి వీధిది. ఆ సంగతి సందులో అందరికీ తెలుసు, అతనికీ తెలుసు. వెనక్కి వచ్చి గుడ్డతో నేల తుడిచేశాడు.

నాలుగు రోజులు తుడిచాడు. జెలాల్ తొంగి చూసి ఇంకా లేదా అంటే ఇంకా లేదనేవాడు. వేళకి పిల్లిని తువ్వాలు మీదికి తీసుకుని, ఏమీ లేని పొట్ట మీద వేళ్లు పెట్టేవాడు. అది గింజుకునేది, పళ్లు చూపేది.

ఐదో రోజు చూపించుకు రమ్మన్న రోజు. నెరిమాన్ పిల్లి పొట్ట తడిమి చూసి, దాన్ని వదిలేసి అతని వైపు తిరిగింది.

"ఎన్నాళ్లయింది బాబాయ్?"

"నాలుగు రోజులు తల్లీ."

ఆవిడ తిట్టలేదు. ఖాళీ సంచిని నొక్కితే దానికి నొప్పి పుడుతుందనీ, ఇక చెయ్యి వెయ్యొద్దనీ మెల్లగా చెప్పింది. తిడితే బాగుండేదనిపించింది రిఫ్కీకి.

తోకలేని పాషా తన కాళ్ల మీద సందులోకి నడిచి వస్తే పండగే అయింది. బట్టీవాడు వేడి రొట్టెలు పంచాడు. అందరూ రిఫ్కీ వీపు తట్టారు, నీ చేతిలో మహత్తు ఉంది అన్నారు. సాయంత్రానికి ఎవరి ఇళ్లకి వాళ్లు వెళ్లిపోయారు.

మర్నాటి నుంచి రిఫ్కీ తలుపు ఓరగా తీసి, గుమ్మంలో కోడినీళ్ల గిన్నె పెట్టి కూర్చున్నాడు. పిల్లి జెలాల్ టమాటా పెట్టెల మీద ఎండకి పడుకునేది, మంగలి కాళ్లకి రాసుకునేది. బొంతల కొట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆగి, అతని చేతుల వంక చూసి, సందు దాటి అవతలి గోడ పక్కనుంచి పోయేది. దాని తప్పేముంది? దానికి గుర్తున్నవి ఆ చివరి నాలుగు రోజులే. తొమ్మిది రోజులు చూశాడు. తొమ్మిది రోజులూ అలాగే పోయింది.

పదో రోజు గడ్డం గీయించుకుని, కోటు వేసుకుని నెరిమాన్ దగ్గరికి వెళ్లాడు. ఒంట్లో బాగాలేదా అని ఆవిడ కంగారుపడింది. బాగానే ఉందన్నాడు. టోపీ తీసి చేతిలో తిప్పుతూ అడిగాడు.

"ఇంకేదైనా ఉందేమోనని వచ్చాను తల్లీ. దానంతట అది పోసుకోలేనిది. ఎంత ముసలిదైనా పర్లేదు, కరిచేదైనా పర్లేదు. ఈసారి గడియారం చూసే చేస్తాను."

నెరిమాన్ లోపలి గదిలోకి వెళ్లి ఒకసారి చూసి వచ్చింది.

"లేవు బాబాయ్. అల్లా దయవల్ల ఇప్పుడన్నీ బాగానే ఉన్నాయి."

"మంచిదే," అన్నాడు రిఫ్కీ. టోపీ పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్లిపోయాడు.