కవరు చింపని సీటు

నేనొక కారు వెనక సీటుని. మనుషుల బరువు మోయడం తప్ప వేరే పని ఎరగను. అలాంటి నేను ఒక పసిపిల్ల ప్రాణం మీదికి తెచ్చానంటే, ఇప్పటికీ నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

ఫ్యాక్టరీలో నాకు బూడిదరంగు గుడ్డ తొడిగి, దాని మీద పాలిథిన్ కవరు బిగించి పంపారు. కారు కొన్నాక ఆ కవరు తీసి పారేయాలి. కానీ నన్ను కొన్నది మండపేటలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే పేరిచర్ల సత్యానందంగారు. ఆయనింట్లో టీవీ రిమోటుకి కవరు, ఫ్రిజ్జు పిడికి కవరు, సోఫాకి కవరు. షోరూమువాళ్ళు నా కవరు తీయబోతే ఆయన గుండె గుభేలుమంది. "ఉండనివ్వండి బాబూ. కొత్తది కొత్తగానే ఉండాలి" అన్నారు. నాకూ గొప్పగానే అనిపించింది, దాచడమెందుకు.

శుభ్రం విషయంలో ఆయనకి వంక పెట్టలేం. కరోనా రోజుల్లో పట్టుకున్న శానిటైజరు సీసా ఇక వదల్లేదు. రోజూ పొద్దున్నే నా కవరుని తళతళలాడేట్టు తుడిచేవారు. అద్దాలు మాత్రం దించనిచ్చేవారు కాదు, దుమ్ము వస్తుందని.

కార్తీక పౌర్ణమికి కోటిపల్లి రేవులో మునిగి, ఇంటిల్లిపాదీ తడిబట్టలతోనే నా మీద కూలబడ్డారు. కవరుంది కదా అని ధీమా. కవరుకి కుట్లుంటాయి, కుట్లకి సందులుంటాయి. నీళ్ళన్నీ నాలోకి దిగాయి. ఆ తర్వాత పిల్ల ఒలకబోసిన పాలూ, కొబ్బరినీళ్ళూ అదే దారి పట్టాయి. దిగినవాటికి బయటికి పోయే దారి లేదు. లోపలేదో చల్లగా పాకుతున్నట్టుంటే ఏసీ చలవ అనుకున్నాను.

వాళ్ళమ్మాయి మౌక్తిక ఒకటో తరగతి. రోజూ బడికి నా మీదే పడుకుని వెళ్ళేది. ఆ ఏడు దానికి పిల్లికూతలు పట్టుకున్నాయి. ఇంట్లో దుమ్ము లేకుండా చూడమన్నారు డాక్టరుగారు. తల్లి రాజ్యలక్ష్మి కర్టెన్లు పీకేసింది, దూది పరుపులు పంపించేసింది, పిల్ల ఏడుస్తున్నా వినకుండా పెంచుకున్న పిల్లిని చెల్లెలికి ఇచ్చేసింది. ఇదంతా ఆ పిల్లి వల్లేనని నేనూ తిట్టుకున్నాను.

ఒక మధ్యాహ్నం బడి నుంచి ఫోను, పిల్లకి ఆయాసమని. ఎక్కించుకుని రాజమండ్రి బయల్దేరారు. అద్దాలు బిగించి ఏసీ పెంచారు. దారిలో రైల్వే గేటు పడింది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది, పెదాలు నల్లబడుతున్నాయి. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. రాజ్యలక్ష్మి ఆగలేక పిల్లనెత్తుకుని దిగిపోయింది. బయటి గాలికి కూత కాస్త తగ్గింది. గేటు లేచాక మళ్ళీ ఎక్కించారు. మళ్ళీ అందుకుంది.

"ఏవండీ, దిగితే తగ్గుతోంది, ఎక్కితే వస్తోంది. ఈ కారులోనే ఏదో ఉందండి."

"కారులో ఏముంటుందే? రోజూ తుడుస్తున్నాను కదా."

"ముందు అద్దాలు దించండి."

దించారు. ఆసుపత్రిలో మందు ఆవిరి పట్టాక గండం గడిచిందట. మర్నాడు రాజ్యలక్ష్మి కూరల చాకు పట్టుకుని కారు దగ్గరికొచ్చింది. సత్యానందంగారు అడ్డం నిలబడ్డారు.

"బంగారంలాంటి కవరు చింపేస్తావేంటే?"

"మీకు కవరు కావాలా, పిల్ల కావాలా?" ఆవిడ గొంతు పెంచలేదు. సర్రున కోసేసింది.

ముందు వాసన గుప్పుమంది. తర్వాత ముందున్న అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. ఒళ్ళంతా నల్లగా, అక్కడక్కడ పచ్చగా, నూగులా మొలిచిన బూజు. పిల్ల చెంప ఆనించి పడుకునే చోటే అన్నిటికంటే నల్లగా ఉంది. పిల్లి కాదు, పరుపు కాదు, నేను. దేవుడా, నేనే. ఇన్నాళ్ళూ ఆ పిల్ల పీల్చింది నన్నా?

సత్యానందంగారు శానిటైజరు సీసా చేతిలో ఉండగానే గచ్చు మీద చతికిలబడ్డారు. "పైపైనే తుడిచాను, రాజ్యం" అన్నారు. ఆ మాటే పదేపదే అన్నారు.

బూజు స్పాంజి దాకా దిగిందనీ, కడిగినా లాభం లేదనీ మెకానిక్కు తేల్చేశాడు. నన్ను విప్పి బయట పెట్టారు. నాలుగు తలుపులూ బార్లా తీసి కారుని ఎండబెట్టారు. మ్యాట్లు ఉతికారు, ఏసీ ఫిల్టరు మార్చారు, సందుసందునా సబ్బునీళ్ళతో తుడిచి ఆరనిచ్చారు. నేను పాత ఇనుము కొట్టుకి చేరాను. నాకేం బాధ లేదు. నోరుంటే నన్ను పారేయమని నేనే చెప్పేదాన్ని.

ఈమధ్య ఆ కారు ఈ కొట్టు ముందు నుంచే వెళ్ళింది, అద్దాలన్నీ దించుకుని. కిటికీలోంచి మౌక్తిక గొంతు వినబడింది. "నాన్నా, ఈ ఇనుమంతా ఎవరిది, ఎందుకు పడేశారు, ఆ సైకిలు బాగానే ఉంది కదా, మనం తెచ్చుకుందామా, అమ్మ తిడుతుందా, తిడితే నువ్వు చెప్తావా..." ఎక్కడ ఊపిరి అందక ఆగిపోతుందోనని హడలిపోతూ విన్నాను. కారు మలుపు తిరిగిపోయింది. పిల్ల ఇంకా అడుగుతూనే ఉంది.