మార్తా చాయ్ తాగే చోటు

నేను రష్యాలో ఉంటాను. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో బిల్డింగుల గుంపులకు దేశాల పేర్లు పెట్టారు. నాకు బెడ్ స్పేస్ దొరికింది రష్యా క్లస్టర్‌లో. ఒక గదిలో ముగ్గురం ఆడవాళ్ళం, మూడు వేరే వేరే డ్యూటీలు. ఒకరి మొహం ఒకరం చూసుకునేది తక్కువ. పక్క మంచం కుబ్రా బేగం గారిదని ఆమె రాసుకునే ఉసిరి నూనె వాసన చెబుతుంది. మూడో ఆమె పేరు నాకింకా ఖాయంగా తెలియదు. కావలి నుంచి మా అమ్మ ఫోన్ చేసి అడిగితే మాత్రం "అక్కచెల్లెళ్ళ మాదిరి ఉంటాంలే మా" అంటాను.

పగలు రెండింటి నుంచి రాత్రి పదింటిదాకా మాత్రం కెనడాలో ఉంటాను. అదీ కుర్చీలోంచే.

అక్కడ లాబ్రడార్ అని ఒక తీరం ఉంది. దాని ఉత్తరపు కొసన ఆరు చిన్న ఊళ్ళు మా కంపెనీ కాంట్రాక్టులో ఉన్నాయి. ఊరికీ ఊరికీ మధ్య రోడ్డు లేదు. ఎండాకాలం పడవలు తిరుగుతాయి. చలికాలం సముద్రమే గడ్డకట్టి రోడ్డవుతుంది. దాని మీద స్నోమొబైల్ నడుపుతారు. ముందు జారడానికి రెండు స్కీలు, వెనక తిరిగే రబ్బరు పట్టా, మీద స్కూటర్ మాదిరి సీటు. నేను మంచుబండి అంటాను. వెనకాల తాడుతో పొడుగాటి చెక్క స్లెడ్జి కట్టి కట్టెలు, చేపలు, పిల్లలు, పక్కూరి పెళ్ళికి పోయే ముసలమ్మలు, అన్నీ దాని మీదే లాక్కుపోతారు. బండి నడిపే ప్రతివాళ్ళ జేబులోనూ సబ్బుపెట్టె అంత ట్రాకర్ ఉంటుంది, మెసేజులూ దాంట్లోనే. అది శాటిలైట్‌కి చెబుతుంది, శాటిలైట్ నాకు చెబుతుంది. నా స్క్రీన్ మీద ఒక్కో మనిషీ ఒక్కో ఆకుపచ్చ చుక్క.

చుక్క ఊరి బయట నలభై ఐదు నిమిషాలు కదలకపోతే ఎర్రబడి అలారం మోగుతుంది. నేను మెసేజ్ పెట్టాలి. పదిహేను నిమిషాల్లో జవాబు రాకపోతే దగ్గరి ఊళ్ళో ఉన్న వాలంటీర్లకు ఫోన్ చేయాలి. అంతే ఉద్యోగం. నాలుగేళ్ళ బీటెక్‌లో దీనికి పనికొచ్చింది ఒక్కటే, స్క్రీన్ ముందు కదలకుండా కూర్చోవడం.

జనవరిలో, నేను చేరిన రెండో వారం, మార్తా అనే ఆమె చుక్క రెండు ఊళ్ళ మధ్య ఒక చిన్న ద్వీపం పక్కన ఆగిపోయింది. ఫైల్లో వయసు అరవై రెండు అని ఉంది. మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. ఫోన్ చేశాను. మైనస్ ముప్పైలో నలుగురు మగవాళ్ళు బండ్లేసుకుని నలభై కిలోమీటర్లు పోయారు. గంట తరవాత ఐదు చుక్కలూ ఒక్క చోట చేరాయి. ఇంకో గంట అక్కడే ఉన్నాయి. అప్పుడొచ్చింది మార్తా మెసేజ్.

"దుబాయ్ అమ్మాయ్, నా దగ్గర రెండు కప్పులే ఉన్నాయి. ఈసారి మనుషుల్ని పంపితే ముందు చెప్పు."

ఆమె చాయ్ తాగుతోంది. స్లెడ్జి మీద కూర్చుని, పక్కన చిన్న స్టవ్ వెలిగించుకుని.

మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, మెసేజ్‌కి నూట అరవై అక్షరాలు మించకుండా. ఆ తరవాతి రోజుల్లో ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పింది. ద్వీపానికి తూర్పున గాలి తగలదు. దారికి సరిగ్గా సగం. ముందొచ్చినవాళ్ళు మంచు కరిగించి నీళ్ళు పెడతారు, వెనకొచ్చినవాళ్ళు రొట్టె తీస్తారు. అక్కడ ఒక బండి ఆగి ఉంటే ఇంకో బండి ఆగకుండా పోకూడదు. పోయిందంటే ఆ రెండిళ్ళ మధ్య ఏదో గొడవ ఉన్నట్టే. గంట కూర్చుంటారు, ఒక్కోసారి రెండు గంటలు.

రోజూ వాళ్ళ చాయ్ మధ్యలో నేను అలారం మోగించలేను కదా. మా సాఫ్ట్‌వేర్‌లో సైలెంట్ జోన్ అని ఉంది. మ్యాప్ మీద గుండ్రంగా గీస్తే దాని లోపల ఎంతసేపు ఆగినా అలారం రాదు. ఊళ్ళ కోసం పెట్టిన సౌకర్యం అది. సముద్రం మీద గీయాలంటే ఫారం నింపి మా టీమ్ లీడ్ ఆశిష్ గారి సంతకం తీసుకోవాలి. నేను నింపలేదు. ద్వీపం చుట్టూ ధారాళంగా ఒక గుండ్రం గీసి, పేరు అడిగితే 'చాయ్' అని కొట్టాను.

అప్పటి నుంచి మార్తా చుక్క అందులోకి రాగానే నేను కూడా లేచి మెషిన్ దగ్గర చిక్కటి కరక్ చాయ్ తెచ్చుకునేదాన్ని. ఆమె అక్కడి నుంచి వార్తలు పంపేది.

"ఏమస్ పెళ్ళాం మీద అలిగి వచ్చాడు. మూడు కప్పులు తాగాడు. ఇంటికి పోనంటున్నాడు."

"పోయాడా?"

"రొట్టె అయిపోయాక పోయాడు. నీకు అక్కడ చాయ్‌కి తోడెవరు?"

"మెషిన్."

"మెషిన్ ఏం మాట్లాడుతుంది?"

"కప్పు తీసుకోండి అంటుంది."

"మర్యాద తెలిసిన మెషినే," అంది మార్తా.

మా బిల్డింగ్‌లో ఎదురు ఫ్లాట్‌లో ఎవరుంటారో నాకు తెలియదు. ఏమస్ వాళ్ళ కుక్క ఎన్ని పిల్లల్ని పెట్టిందో తెలుసు.

మార్చిలో రంజాన్ వచ్చింది. ఐదో రోజా నాడు ఇఫ్తార్ వేళకు లాబ్రడార్లో పొద్దున పదిన్నర. పాంట్రీలో ఖర్జూరాలు, లబన్ మజ్జిగ, ఎవరో తెచ్చిన సమోసాలు. మా టీమ్‌లో ఆశిష్ గారు కాక రోజా ఉండనిది సంజన ఒక్కతే, వరంగల్ పిల్ల.

"నువ్వు పోవే, నేను సూస్తుంట," అంది.

"నువ్వొక్కదానివి ఇక్కడ కూర్చుంటే నాకు ఖర్జూరం గొంతు దిగదు. రా. మోగితే పాంట్రీదాకా వినిపిస్తుందిలే."

"సమోసాలున్నయా?"

"ఉన్నాయి."

"గట్ల చెప్పు ముందే."

మోగలేదు. తిని, మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చి చూస్తే మార్తా చుక్క చాయ్ గుండ్రంలో ఆకుపచ్చగా ఉంది. వచ్చి గంటకు పైనే అయింది. ఒంటరిగా ఉంది. ఇవాళ ఎవరూ రాలేదేమో పాపం అనుకున్నాను. నా చాయ్ తెచ్చుకున్నాను. వార్త ఏమీ రాలేదు. ఏం మార్తా, ఇవాళ అలిగింది నువ్వా అని టైపు చేస్తూ, ఊరికే మ్యాప్ దగ్గరికి లాగి చూశాను.

చుక్క ద్వీపానికి తూర్పున లేదు. పడమర అంచున ఉంది. గాలి కొట్టే వైపు.

అటు ఎవరూ చాయ్ తాగరు. నేను గుండ్రం అంత పెద్దది గీయకుండా ఉంటే అది బయట ఉండేది. ఎప్పుడో ఎర్రబడేది.

టైపు చేసింది చెరిపేసి 'క్షేమమా?' అని పంపాను. రెండోసారి పంపాను. మూడోసారి. అక్కడ మైనస్ ఇరవై ఎనిమిది. ఆమె ఆగి గంటా నలభై నిమిషాలు.

ఫోన్ చేద్దామంటే వాలంటీర్ల లైన్ అలారం నంబర్ లేకుండా కలవదు. అలారమే రాలేదు కాబట్టి నంబర్ లేదు. లేదంటే లీడ్ తన లాగిన్‌తో కలపాలి.

సంజన నా స్క్రీన్ చూసింది, గుండ్రం చూసింది, నా మొహం చూసింది.

"ఇది ఎవరు గీసిన్రు?"

"నేనే."

"సంతకం?"

తల అడ్డంగా ఊపాను.

ఆమె గొంతు తగ్గించింది. "ఇను. ఇప్పుడు దీన్ని తీసెయ్యి. చుక్క గిప్పుడే ఆగినట్టు లెక్క మొదలైతది. నలభై ఐదు నిమిషాలకు అలారం అదే వస్తది. నీ పేరే బయటికి రాదు. ప్రొబేషన్ల ఉన్నవ్ సమీనా, వీసా వాళ్ళ చేతుల ఉన్నది."

నలభై ఐదు, ఆపైన పదిహేను. ఇంకో గంట. మౌస్ గుండ్రం మీదే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ఒక పది సెకన్లు అక్కడే ఉంది.

తరవాత లేచి ఆశిష్ గారి క్యాబిన్‌కి వెళ్ళాను. వైజాగ్ ఆయన. గొంతు పెంచరు, అదే భయం. చెప్పాను. ఆయన మ్యాప్ తెరిచి చూశారు.

"చాయ్ అని పేరు కూడా పెట్టావా?"

"పెట్టాను సార్."

"ఎవర్నడిగి పెట్టావమ్మా?"

"ఎవర్నీ అడగలేదు. సార్, ముందు ఫోన్ కలపండి, తరవాత తిట్టండి."

"రెండూ చేస్తాను, కంగారు పడకు," అని ఆయన లాగిన్ కొట్టి నంబర్ కలిపారు.

ఎత్తింది ఏమస్. అతని గొంతు వినడం అదే మొదటిసారి. అలిగే మనిషి గొంతులా లేదు. మార్తా, చాయ్ చోటికి పడమర, కదలడం లేదు అని చెప్పాను. "పడమరా? అక్కడ మంచు కింద నీళ్ళున్నాయి," అన్నాడు. ఫోన్ కట్టయింది.

ఊళ్ళోంచి నాలుగు చుక్కలు బయల్దేరాయి. ట్రాకర్ పది నిమిషాలకోసారి చెబుతుంది కాబట్టి చుక్కలు నడవవు, గెంతుతాయి. ఒక్కో గెంతుకి ఆరేడు కిలోమీటర్లు. గెంతుకీ గెంతుకీ మధ్య నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆశిష్ గారు నా వెనకే నిలబడ్డారు. తిట్టలేదు. సంజన ఒక సమోసా తెచ్చి నా కీబోర్డు పక్కన పెట్టింది. ఎనిమిదీ నలభైకి నాలుగు చుక్కలూ ఐదో దాన్ని చేరాయి. ఇంకో ఇరవై నిమిషాలకు వాళ్ళ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది.

"బతికే ఉంది. కాళ్ళు బాగా లేవు. తీసుకొస్తున్నాం."

పైన మెత్తటి మంచు, దాని కింద గడ్డ పగుళ్ళలోంచి ఉప్పునీళ్ళు ఊరి ఉన్నాయి. బండి అందులో దిగబడింది. మార్తా తొడలదాకా తడిసి, స్లెడ్జి మీదికి పాకి, టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది. అగ్గిపెట్టె తడిసింది. ట్రాకర్ చేతిలోనే ఉంది, కానీ ఆపద బటన్ నొక్కడానికి వేళ్ళు వంగలేదట.

మర్నాడు పొద్దున కుబ్రా బేగం గారు డ్యూటీకి పోతూ స్కార్ఫ్ చుట్టుకుంటున్నారు. వారం తరవాత ఆమె మొహం చూశాను.

"ఏమైంది బేటీ, కళ్ళు గట్ల ఉబ్బినయ్?"

"ఒకామె మంచులో చిక్కుకుంది ఆంటీ. కాళ్ళు గడ్డకట్టినాయి."

"హాయ్ అల్లా. ఎవరు, మనోళ్ళేనా?"

"మనోళ్ళే."

"అల్లా రహం చేస్తడు. యల్లా, నా బస్సు పోతది," అని వెళ్ళిపోయారు.

మార్తాను విమానంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. రెండు కాలివేళ్ళు తీసేశారు. నాకు వార్నింగ్ లెటర్ ఇచ్చారు. "ఆవిడ దొరకబట్టి లెటర్‌తో పోయింది," అన్నారు ఆశిష్ గారు. ఆరు ఊళ్ళ పెద్దలూ చర్చి హాల్లో కూర్చుని మాట్లాడుకున్నారట. వారం తిరక్కుండా కొత్త రూల్ వచ్చింది. సముద్రం మీద సైలెంట్ జోన్లు ఉండవు. ఆగే గడువు నలభై ఐదు కాదు, ముప్పై నిమిషాలు. చాయ్ గుండ్రాన్ని నా చేత్తోనే తీసేశాను. అలా తీసేయడమే సబబు. అందులో నాకు అనుమానం లేదు.

ఇక ఎవరు చాయ్‌కి ఆగినా ముప్పయ్యో నిమిషం నేను 'క్షేమమా?' అని అడగాలి. వాళ్ళు గ్లవ్స్ విప్పి, చలిలో వేళ్ళు బయటపెట్టి జవాబు కొట్టాలి. మొదటి వారం 'క్షేమమే, థాంక్యూ' అన్నారు. రెండో వారం 'చాయ్' అన్నారు. ఆ తరవాత ఒట్టి ఫుల్‌స్టాప్ చుక్క పెట్టి పంపారు. తరవాత్తరవాత ఇరవై తొమ్మిదో నిమిషానికే లేచిపోవడం మొదలుపెట్టారు. ఒకరోజు ద్వీపం పక్కన ఒక బండి ఆగి ఉంది. ఏమస్ వస్తున్నాడు. ఆగకుండా దాటిపోయాడు. వాళ్ళ మధ్య గొడవేమో అనుకున్నాను. ఆ వారంలో ఇంకో ఇద్దరు దాటిపోయారు.

ఏప్రిల్ మూడో వారం మార్తా చుక్క మళ్ళీ ఆమె ఊళ్ళో వెలిగింది. నా చాయ్ ఒలికిపోయింది.

"దుబాయ్, నువ్వు తిట్లు తిన్నావటగా."

"మీ వేళ్ళు పోయాయి నా వల్ల."

"వేళ్ళు నీళ్ళ వల్ల పోయాయి. నువ్వు నీళ్ళవా?"

రెండు రోజులకు ఆమే మళ్ళీ పంపింది.

"నిన్న చాయ్‌కి పోయాను. ఒక్కదాన్నే. నీళ్ళు మరిగేలోపు నువ్వు తయారు."

నిన్న నాకు సెలవు. మెసేజ్ పెట్టింది సంజన. అయినా అది నేనే.

"రూల్ అది మార్తా."

"రూలని తెలుసులే పిల్లా," అంది.

అదే చివరి మెసేజ్. మర్నాటి నుంచి మార్తా చుక్క ఇల్లు కదల్లేదు.

"మీ ముసలామె బయటికే వస్తలేదు," అంది సంజన మూడో రోజు. "కాళ్ళు నొస్తున్నయేమో."

"అయ్యుంటుంది," అన్నాను.

శనివారం నాకు డ్యూటీ. అక్కడ పొద్దున పదకొండు, మైనస్ ఎనిమిది, గాలి లేదు, మబ్బు లేదు. మంచు మెత్తబడే ముందు వచ్చే ఆఖరి మంచి రోజులవి. అలాంటి శనివారం ఆ ఊళ్ళలో ఇంట్లో కూర్చునేవాళ్ళు ఉండరని మార్తాయే చెప్పింది. మార్తా చుక్క ఇంట్లో ఉంది. ఏమస్ చుక్క ఇంట్లో ఉంది. ఇంకో మూడు చుక్కలు, మూడూ ఇళ్ళల్లోనే. ఐదూ ఆకుపచ్చగా, రవ్వంత కూడా కదలకుండా.

ఆశిష్ గారి క్యాబిన్ తలుపు తెరిచే ఉంది. చెప్పొచ్చు. ఏమని చెప్పను? చుక్కలు ఇళ్ళల్లో ఉన్నాయి సార్, మనుషులు లేరు అనా? నిజమో కాదో నాకు మాత్రం ఎలా తెలుసు? చెబితే ఆ ద్వీపానికి ఇంకో నలుగుర్ని తరుముతారు. చెప్పకపోతే, ఎవరైనా మంచు కింద నీళ్ళలో దిగబడినా ఈసారి నా స్క్రీన్ మీద ఏ చుక్కా ఎర్రబడదు.

క్యాబిన్ గడపదాకా వెళ్ళాను. ఆయన తలెత్తి, "ఏంటమ్మా?" అన్నారు.

"ఏం లేదు సార్. చాయ్ తెమ్మంటారా?"

"రోజూ అడగనిది ఇవాళేంటి? తీసుకురా."

రెండు కప్పులు తెచ్చాను. ఒకటి ఆయన బల్ల మీద పెట్టాను, ఆయన స్క్రీన్ మీంచి కళ్ళు తీయకుండానే థాంక్యూ అన్నారు. నా సీట్లోకి వచ్చి, గంట గంటకీ నింపాల్సిన పట్టీలో ఐదు పేర్ల ఎదురుగా 'క్షేమం' అని నింపాను. తరవాత మార్తాకి ఒక మెసేజ్ కొట్టాను. పడమర పోవద్దు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ కవర్లో పెట్టుకో అని.

చేరింది అని వచ్చింది. ఆ ఇంట్లో ఏ అలమరా మీదో ట్రాకర్ ఒకసారి కుయ్‌మని ఉంటుంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు.